ముక్కుకొండ చాటున

మా ఇంట్లో ముగ్గురం ఒకే పడవ మీద బతికాం. పడవ నడిపేది మా ఆయన. మైకు పట్టుకుని, ఎక్కినవాళ్ళకు ఒడ్డు పొడవునా ఉన్న కొండలూ గుహలూ పిట్టలూ చూపించేది మా ఆడపడుచు. నేను మాత్రం పడవెక్కేదాన్ని కాదు. కొండ మీది రేకుల గదిలో కూర్చుని, దుర్భిణి కళ్ళకు ఆనించుకుని, డాల్ఫిన్లు ఎక్కడున్నాయో వెతికి వాకీటాకీలో చెప్పేదాన్ని. పడవలో ఉన్నవాళ్ళకు నాలుగు అలల అవతల ఏముందో తెలియదు. కొండ మీదికి సముద్రమంతా కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదికి బయల్దేరి సాయంత్రం నాలుగున్నరకు తిరిగొచ్చే ఆ ప్రయాణమంతా నా కళ్ళ మీదే నడిచేది. రేవులో టికెట్ల గది పక్కన బోర్డు పెట్టించింది కూడా నేనే. ‘డాల్ఫిన్లు కనిపించకపోతే మరోసారి ఉచితం.’ పందొమ్మిదేళ్ళలో ఆ మాట పట్టుకుని మళ్ళీ వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నాకు అనుమానం ఎక్కువ. అందులో దాచుకోవడానికేమీ లేదు. తలుపు తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. ఎవరైనా నన్ను పొగిడితే వీళ్ళకి నాతో ఏం పనిబడిందా అని ఆలోచిస్తాను. అందరూ కళ్ళు మూసుకుని నమ్మేస్తే ఇల్లు నిలబడదనీ, ఒక్కళ్ళయినా కళ్ళు తెరుచుకుని ఉండాలనీ నా లెక్క. మా ఇంట్లో ఆ ఒక్కదాన్నీ నేనే.

ఆ ఏడు గాలి తగ్గి సీజను మొదలైన రెండో వారంలో ఒక అమ్మాయి వచ్చింది. సముద్రపు పిట్టల మీద ఏదో చదువట. చేతిలో ఎప్పుడూ ఒక లావుపాటి అట్ట పుస్తకం ఉండేది కాబట్టి రేవులో అందరూ పుస్తకం పిల్ల అనేవారు. మొదట టికెట్టు కొనుక్కుని ఎక్కింది. మూడో వారానికి టికెట్టు లేకుండా ఎక్కింది. నెల తిరిగేసరికి పడవ ముందు కొసన, ఎవరినీ నిలబడనివ్వమని మేం కచ్చితంగా చెప్పే చోట, నారింజ రంగు జాకెట్టు వేసుకుని నిలబడటం మొదలుపెట్టింది.

“ఆ పిల్లని అక్కడెందుకు నిలబెట్టారు?” అని మా ఆయన్ని అడిగాను.

“పిట్టలు బాగా కనపడతాయని అడిగింది.”

“పడిపోతే?”

“పడదులే.”

పందొమ్మిదేళ్ళుగా, ఆ కొసకు ఎవరైనా కాలు చాపినా ఒంటికాలి మీద లేచే మనిషి ఆయన. ‘పడదులే’ అన్నప్పుడు నా మొహం వైపు చూడకుండా కాఫీ గ్లాసులోకి చూశాడు. ఆ గ్లాసులో ఏమీ లేదు.

ఆ తర్వాత ఒకటొకటిగా బయటపడ్డాయి. మా కొండకు అవతల, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కుకొండ ఒకటుంది. పడవ దాని చాటుకు వెళ్ళాక నాకు కనిపించదు. వెళ్ళిన ఐదారు నిమిషాలకు అటువైపు నుంచి తేలేది. ఆ ఏడు ఇరవై నిమిషాలైనా తేలడం లేదు. ఒకరోజు గడియారం ముందు పెట్టుకుని చూశాను, ముప్పై రెండు నిమిషాలు. అంతకుముందు నేను ‘తెల్లరాయి దాటి బాగా లోపలికి, నాలుగున్నాయి’ అంటే, ‘అంత దూరమా? జనం వాంతులు చేసుకుంటారే!’ అని వాకీటాకీలోనే పోట్లాటకు దిగేవాడు. ఇప్పుడు ఏం చెప్పినా “సరే, వెళ్తున్నాం” అంటున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నాతో వాదించడం మానేసిన మొగుణ్ణి ఎవరు నమ్ముతారు?

ఒక శనివారం సరుకులకని రేవుకు దిగాను. పడవెక్కే వరసలో నీలం టోపీలు పెట్టుకున్న ఒక కుటుంబం ఉంది. భార్యాభర్తలు, పెళ్ళీడుకొచ్చిన కూతురు. ముందురోజు పొద్దున నేను కొండెక్కబోతున్నప్పుడు కూడా వాళ్ళు ఆ వరసలోనే ఉన్నారు.

“మళ్ళీ వచ్చారే! అంత నచ్చిందా?” అన్నాను.

“ఈసారైనా కనిపిస్తాయేమో అని,” అన్నాడాయన.

“నిన్న కనిపించలేదా? నేనే చూపించాను కదండీ, మూడు, తెల్లరాయి దగ్గర!”

ఆయన నోరు తెరిచేలోపు మా ఆడపడుచు ఎక్కణ్ణుంచో ఊడిపడింది. “రండి రండి, ముందు వరస సీట్లు మీకే ఉంచాను,” అంటూ ముగ్గురినీ దాదాపు మోసుకుపోయినంత పని చేసింది. పోతూ పోతూ, “వదినా, ఉప్పు మర్చిపోకు,” అంది. ఉప్పు ఇంట్లో రెండు ప్యాకెట్లుంది. అది తేవాలని పొద్దున నాతో ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం నేను స్నానం చేసి వంటింట్లోకి వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ గుసగుసలాడుతున్నారు. నన్ను చూసి ఆగిపోయారు.

“ఏంటి మీటింగు?”

“ఏం లేదొదినా. ఇంజన్ గురించి,” అంది మా ఆడపడుచు.

ఆమెకు ఇంజను ఏ వైపున ఉంటుందో కూడా తెలియదు. మా ఆయన గబుక్కున నా పళ్ళెంలో కూర వడ్డించాడు. అడక్కుండా వడ్డించిన ఆ కూర నాకు మింగుడుపడలేదు.

అన్నం తింటూ మా ఆడపడుచు, చాలా మామూలుగా అన్నట్టు, “వదినా, టౌన్లో కళ్ళ పరీక్షలు చేస్తున్నారట. మనం ముగ్గురం వెళ్ళొద్దామా?” అంది.

“నా కళ్ళకేం? ముందు నీ చెవులు చూపించుకో. గదిలో దుర్భిణి మీద వేళ్ళు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినబడదు నీకు,” అన్నాను.

నిజానికి అప్పటికే దుర్భిణి మీద నాకు పెద్ద అనుమానముంది. ఎంత తుడిచినా మసక పోవడం లేదు. కొయ్య పెట్టెలో గుడ్డలో చుట్టి పెడతాను, పొద్దున తీసేసరికి మళ్ళీ మసక. పుస్తకం పిల్ల ఒకసారి గదికి వచ్చి, “చూడొచ్చా ఆంటీ?” అని దాంతో చాలాసేపు చూసింది. “బాగానే ఉంది కదా,” అని తిరిగిచ్చింది. బాగానే ఉందని చెప్పమని దాన్నెవరడిగారు? ఆ పిల్ల వెళ్ళాక మరలన్నీ తిప్పి చూశాను. ఏదో వదులు చేసిందనే నిర్ణయించుకున్నాను.

నా మనసులో ఒక బొమ్మ తయారైంది. ఆ పిల్ల వయసు ఇరవై నాలుగు. మా ఆయనకు యాభై దాటినా పడవ చక్రం పట్టుకుని నిలబడితే ఇంకా చూడబుద్ధేస్తుంది. చెల్లెలు అన్న వైపే ఉంటుంది. నన్ను కొండ మీద కూర్చోబెట్టి, చాటున ముగ్గురూ ఏం నడుపుతున్నారో నాకు తెలియాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆ వారమంతా ఆయన చొక్కాలు ఉతికే ముందు వాసన చూశాను. డీజిల్ కంపు తప్ప ఏమీ రాలేదు. దానికి కూడా అనుమానపడ్డాను, అంత జాగ్రత్తగా ఉంటున్నాడా అని.

వారం తిరిగాక ఒకరోజు వాకీటాకీ నడుముకు దోపుకుని, దుర్భిణి మెడలో వేసుకుని, రేకుల గదికి తాళం వేసి, మూడుసార్లు లాగి, ముక్కుకొండ మీదికి నడిచాను. నలభై నిమిషాల నడక. ఎండ మాడ్చేస్తోంది. అంచుకు చేరేసరికి పడవ సరిగ్గా నా కింద, అవతలి వైపు తిరుగుతోంది. పసుప్పచ్చ గుడారం, దాని ముందు నారింజ జాకెట్టు. దుర్భిణితో సముద్రం చూశాను. ఎడమ వైపు, తెల్లరాయికి కొంచెం అవతల, నల్లగా రెండు వీపులు లేచి మునిగాయి. వాకీటాకీ తీశాను.

“తెల్లరాయికి ఎడమ పక్క, రెండు.”

“సరే, వెళ్తున్నాం,” అన్నాడు మా ఆయన.

పడవ కదల్లేదు. నేను ఆయన గొంతు వింటూనే ఆయన పడవ వైపు చూస్తున్నాను. నారింజ జాకెట్టు చెయ్యి చాపింది, కుడి వైపుకు, గుహల వైపుకు. పడవ ఆ చెయ్యి చూపించిన దిక్కుకు తిరిగింది. కాసేపటికి జనం అరుపులూ చప్పట్లూ పైదాకా వినిపించాయి.

“కనపడ్డాయా?” అన్నాను వాకీటాకీలో.

“ఆఁ, నువ్వు చెప్పిన చోటే ఉన్నాయి. చప్పట్లు కొడుతున్నారు,” అన్నాడు.

ఎంత మృదువుగా అన్నాడో! అక్కడి రాయి మీద కూలబడ్డాను. పరాయి ఆడదాని సంగతైతే ఏడ్చి, తిట్టి, ఇంట్లోంచి గెంటి ఉండేదాన్ని. ఇది అంతకన్నా ఘోరంగా అనిపించింది. నా పని నా దగ్గర్నుంచి లాగేసుకుని, అది నేనే చేస్తున్నట్టు నాకు నాటకమాడి చూపిస్తున్నారు. వచ్చే సీజనుకు ఆ పిల్ల కొండెక్కుతుంది, నేను ఇంట్లో గిన్నెలు తోముకుంటాను. అందరూ కూడబలుక్కునే చేస్తున్నారు.

ఆ సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగేశాను.

“ఇవాళ నేను ముక్కుకొండ మీదున్నాను. ఎడమకి పొమ్మంటే కుడికి ఎందుకు పోయారు?”

మా ఆయన నీళ్ళు నమిలాడు. మా ఆడపడుచు గోడ వైపు తిరిగి, మడతపెట్టిన బట్టలనే మళ్ళీ మడతపెట్టింది.

“గాలి ఎడం వైపు...” అని మొదలుపెట్టాడు.

“గాలి లేదు. కొండ మీద నా కొంగు కూడా కదల్లేదు. ఇన్నాళ్ళూ ఎంతమంది ముందు నన్ను వెర్రిదాన్ని చేశారు? నాకు పని రాదని చెప్పే ధైర్యం లేక ఆ పిల్లని తెచ్చి పెట్టుకున్నారా?”

“అలా కాదే...”

“మరి ఎలా? రేపు నేను పడవెక్కుతాను. నా ముందు ఆ పిల్ల చూపించనీ, నేను చూపిస్తాను. ఎవరిది సరైందో జనమే చెబుతారు.”

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “వద్దొదినా,” అంది మా ఆడపడుచు. ఆ ‘వద్దు’లో బతిమాలడం ఉంది. దాంతో నా పట్టుదల ఇంకా పెరిగింది.

తొమ్మిదేళ్ళ తర్వాత పడవెక్కాను. ముందు కొసన, పుస్తకం పిల్లకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను. ఆ పిల్ల నాకు దారిచ్చి, తలవంచుకుని నిలబడింది. తేలు కుట్టిన దొంగలా ఉంది కదా అనుకుని సంతోషించాను. ముప్పై ఆరుమంది జనం. మా ఆడపడుచు మైకులో గుహలు ఎన్నేళ్ళనాటివో, వాటిలో ఏ పిట్టలు గుడ్లు పెడతాయో చెబుతోంది. మా ఆయన చక్రం దగ్గర శిలలా నిలబడ్డాడు.

ముక్కుకొండ దాటాం. నీళ్ళు నున్నగా ఉన్నాయి. నేను సముద్రాన్ని జల్లెడ పడుతున్నాను. కనిపించాయి. కుడివైపు, నల్లగా, నిగనిగలాడుతూ రెండు వీపులు, లేస్తూ మునుగుతూ.

“అదిగో!” అని అరిచాను. “కుడివైపు! రెండు! చూడండి, ఆ పిల్లకి కనపడనే లేదు, నేను చూపించాను!”

జనమంతా అటు తిరిగారు. మా ఆయన వేగం తగ్గించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, చాలా మర్యాదగా, “అవి వల బెండ్లు కదమ్మా,” అన్నాడు.

నేను ఆయనకు సమాధానం చెప్పబోతుండగా మైకు మోగింది.

“ఇప్పుడే మునిగాయండీ. ఒకసారి మునిగాయంటే మళ్ళీ తేలడానికి టైం పడుతుంది. ఈలోగా మనం గుహల వైపు వెళ్దాం.”

మా ఆడపడుచు ఆ మాట తడుముకోకుండా అంది. గుహల వయసు చెప్పిన గొంతుతోనే అంది. అప్పటికప్పుడు పుట్టిన అబద్ధమైతే ఎక్కడో ఒకచోట తడబడుతుంది. ఇది రోజూ చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట. దేనికి అలవాటైందో, ఎవరి కోసం అలవాటైందో ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది.

“అటు పోనివ్వండి,” అన్నాను మా ఆయనతో.

“ఎందుకే ఇప్పుడు...”

“పోనివ్వండి.”

పడవ మెల్లగా కుడికి జరిగింది. నా కళ్ళకు డాల్ఫిన్లు డాల్ఫిన్లుగానే ఉన్నాయి. బాగా దగ్గరికొచ్చినా లేస్తూ మునుగుతూనే ఉన్నాయి. నాలుగు బారల దూరంలో వాటికి తాడు కనిపించింది, తాడుకు పట్టిన నాచు కనిపించింది. ఒక బెండు మీద ఎవరో తెల్ల రంగుతో గీత గీశారు. పుస్తకం పిల్ల ఏమీ రాసుకోలేదు. నేను కూర్చున్నాను.

కళ్ళ డాక్టరు కుర్రదనం వదలని మనిషి, సూటిగా మాట్లాడాడు. దుర్భిణిలో లోపమేమీ లేదు, కంటి వెనక పొర పలచబడింది. కళ్ళజోడుతో వచ్చేది కాదు. పోయింది పోగా, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. “ఒక మూడు నెలల ముందు వచ్చుంటే ఇంకొంచెం మిగిలేది. ఎవరూ గమనించలేదా?” అని అడిగాడు.

మా ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నాడు.

బస్సులో సగం దూరం వచ్చాక నోరు విప్పాడు. “సీజను మొదట్లోనే అర్థమైంది. నువ్వు చూపించిన చోట అలలు తప్ప ఏమీ ఉండేవి కాదు. అందుకే నీకు కనపడకుండా ముక్కుకొండ చాటుకెళ్ళి, ఆ పిల్ల చూపించిన వైపు తిరిగేవాళ్ళం. రెండుసార్లు చెప్పబోయాం. నువ్వు మీద పడి కరిచినంత పని చేశావు. ఈ కొండ లేకపోతే నువ్వేమైపోతావో అని... కొన్నాళ్ళు గడిస్తే నీకే తెలుస్తుందనుకున్నాం.”

“నాకు తెలియకుండా మీరే కదా చూసుకున్నారు!” అన్నాను. “తప్పు చెప్పినా ఒప్పు అంటే ఎవరికి తెలుస్తుంది?”

ఆయన ఏడ్చాడు. బస్సులో, అందరి ముందు. నాకు జాలి కలగలేదు. నా కోపంలో న్యాయముంది, ఆయన ప్రేమలోనూ న్యాయముంది, మధ్యలో నా కళ్ళు పోయాయి. నా నోటికి భయపడి వాళ్ళు దాచారన్నదీ నిజమే. ఆ నిజాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

కొండ గది తాళం నేనే పుస్తకం పిల్లకు ఇచ్చాను. పిట్టలు ఏ మూలన గుమిగూడితే అక్కడ చేపలున్నట్టనీ, చేపలున్న చోటికి డాల్ఫిన్లు వస్తాయనీ, ఏ వేళకు ఎటు చూడాలో నాలుగు రోజులు కూర్చుని చెప్పాను. ఆ పిల్ల అన్నీ పుస్తకంలో రాసుకుంది. “మీరు చెప్పినవన్నీ నిజమేనా ఆంటీ?” అని నవ్వుతూ అడిగింది. నా అనుమానపు బుద్ధి సంగతి రేవంతా పాకినట్టుంది. నేనూ నవ్వాను.

నా పని పడవలోకి మారింది. ఎక్కేవాళ్ళకు చెయ్యందించడం, జాకెట్లు తొడగడం. చేతికి అందేంత దూరంలో ఉన్నవన్నీ నాకు బాగానే కనిపించేవి. దూరం మాత్రం ఇంకొకరు చెప్పాలి. ఆ ఇంకొకరు ఎవరు? సీజను పొడుగునా నాతో అబద్ధమాడిన ఆ ఇద్దరే. మబ్బు పట్టిందని మా ఆయన అంటే బయటికెళ్ళి చెయ్యి చాపి చూసేదాన్ని. ఎదురుగా వస్తున్నది ఫలానావాళ్ళని మా ఆడపడుచు అంటే, వాళ్ళు దగ్గరికొచ్చేదాకా పలకరించేదాన్ని కాదు. ఇకముందు బతుకంతా వీళ్ళ కళ్ళతోనే చూడాలి, వీళ్ళ మాట నమ్మలేకపోతే ఎలా చూడను? కళ్ళు పోయినందుకన్నా ఈ ఆలోచనకే ఎక్కువ భయపడ్డాను.

సీజను ఆఖరి రోజు వచ్చింది. జనాన్ని రేవులో దింపేసి, గాలి నెలలకు పడవను గట్టెక్కించడానికి ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు తీసుకెళ్తున్నాం. పుస్తకం పిల్ల అప్పటికే కొండ దిగి ఊరెళ్ళిపోయింది. పడవలో మేం ముగ్గురమే. పొద్దు వాలుతోంది. మా ఆయన ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు.

“ఎడం పక్క చూడు. డాల్ఫిన్లు.”

నేను చూశాను. ఎండ పడి నీళ్ళు మెరుస్తున్నాయి. మెరుపు తప్ప ఏమీ లేదు. మొదలుపెట్టాడు మళ్ళీ, అనుకున్నాను. సీజను చివర్లో నన్ను సంతోషపెట్టాలని చూస్తున్నాడు.

“ఎన్నున్నాయి?” అన్నాను, పొడిగా.

“ఐదు.”

“ఐదెక్కడున్నాయన్నయ్యా? నాలుగే,” అంది మా ఆడపడుచు వెనక నుంచి.

“ఐదే. ఆ వెనకది చూడు.”

“అది అల.”

“అలకి తోకుంటుందా?”

“ముందు మునిగిందే మళ్ళీ అక్కడ తేలింది. ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టావు.”

“ముప్పై ఏళ్ళుగా సముద్రం మీదున్నాను, నాకు లెక్క నేర్పుతావా? మైకులో వాగడం కాదు!”

“నువ్వు చూసేది చక్రం, సముద్రం కాదు! అదిగో, లేచాయి, ఇప్పుడు లెక్కపెట్టు. ఒకటి, రెండు...”

ఇద్దరూ నన్ను మర్చిపోయారు. పడవ దాని పాటికది పక్కకు కొట్టుకుపోతున్నా పట్టించుకోకుండా, వేళ్ళు చూపించుకుంటూ, గొంతులు చించుకుంటూ పోట్లాడుకుంటున్నారు. కూడబలుక్కున్నవాళ్ళయితే లెక్క ఒకటే చెప్పేవారు.

నేను ఆ మెరుపు వైపు తిరిగి కూర్చున్నాను.

“వాటిలో పిల్ల ఉందా?” అని అడిగాను.

“ఉంది,” అన్నారిద్దరూ ఒక్కసారే.

ఈసారి ఇద్దరి మాటా ఒకటే అయింది. అయినా నమ్మాను.